ఫాదర్ హయ్యర్ మూడవ రాక: సువార్త భారము, విశ్వాసపు హద్దు

తెలుగు దేశంలో లూథరన్ సంఘ చరిత్రను చెప్పేవారు సాధారణంగా 1842 జూలై 31తో ఆరంభిస్తారు. రెవ. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరిన దినమది. అయితే ఆయన పరిచర్యలోని అసలు ప్రశ్న తెలియాలంటే 1869వ సంవత్సరాన్ని చూడాలని నా అభిప్రాయం.

హయ్యర్ 1793లో జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో జన్మించి, బాల్యం గడవకముందే అమెరికా చేరారు. 1820లో బోధకునిగా అభిషేకం పొంది, పెన్సిల్వేనియాలో కాపరి లేని వలస కుటుంబాలను వెదకి సంఘాలుగా సమకూర్చారు. విదేశ సేవకు పిలుపు వచ్చినప్పుడు ఒక చిక్కు ఎదురైంది. జనరల్ సినడ్ వారి మిషనరీ సొసైటీ ఆయనను కాంగ్రిగేషనల్ సంఘస్థులు నడిపే అమెరికన్ బోర్డు ద్వారా పంపదలచింది. లూథరన్ సేవకుడు మరొక సంఘపు బోర్డు క్రింద ఉండటం ఆయనకు సమ్మతం కాలేదు. ఆ నియామకాన్ని వదులుకొని, 1841లో పెన్సిల్వేనియా మినిస్టీరియం పంపగా బయలుదేరారు. అప్పటికి ఆయన వయస్సు 48 సంవత్సరాలు.

అటువంటి వ్యక్తికి గుంటూరులో ఆసరా ఇచ్చినది ఆంగ్లికన్ విశ్వాసియైన కలెక్టర్ హెన్రీ స్టోక్స్! హయ్యర్ ఆ సహాయాన్ని సంతోషంగా స్వీకరించారు. అన్య సంఘస్థులతో సహవాసం వేరు, వారి అధికారం క్రింద పనిచేయడం వేరు అన్న తేడా ఆయనకు స్పష్టమే.

అనారోగ్యంతో స్వదేశం వెళ్లినప్పుడు బాల్టిమోర్‌లో వైద్యం అభ్యసించి, 1847లో పట్టా పొంది, మరుసటి సంవత్సరమే తిరిగి వచ్చారు. 1849లో పల్నాడులోని గురజాలకు మకాం మార్చారు. రాతి నేల, నీటి ఎద్దడి, మండుటెండ. ఆ గ్రామాలలో సువార్తను అంగీకరించిన వారిలో దళితులే అధికులు. (మిషన్ చరిత్రలలో మిషనరీల పేర్లు నిలిచినంతగా, అదే వాక్యాన్ని పల్లె మాటలలో వినిపించిన తెలుగు ఉపదేశకుల పేర్లు నిలవలేదు. ఈ లోటు పరిశోధక విద్యార్థులు తీర్చవలసినది.)

1857లో ఆయన అమెరికా వెళ్లి, 1860లో ఏర్పడిన మిన్నెసోటా సినడ్‌కు తొలి అధ్యక్షులయ్యారు. ఇంతలో అంతర్యుద్ధం, ఆ తరువాత లూథరన్ సంఘాలలో వచ్చిన చీలిక మిషన్‌ను కృశింపజేశాయి. ధనమూ లేదు, సేవకులూ లేరు. జర్మన్ మిషనరీలు ఆరంభించగా 1850 ప్రాంతంలో అమెరికన్ లూథరన్‌ల చేతికి వచ్చిన రాజమండ్రి క్షేత్రాన్ని చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించే ఏర్పాట్లు సాగాయి. ఆ ఆంగ్లికన్‌లు ప్రకటించేదీ క్రీస్తునే కదా, అడ్డుకోవడం దేనికి అని నేడు అడిగేవారుంటారు. ఆ ప్రశ్నను తేలికగా కొట్టివేయకూడదు. సంఘాభిమానం సువార్త వేషంలో రావడం మనకు తెలియనిది కాదు.

కాని 1869లో రెడింగ్‌లో కూడిన మినిస్టీరియం ఎదుట హయ్యర్ అభ్యంతరం చెప్పి ఊరుకోలేదు. తానే వెళ్తానన్నారు. యువకులు ముందుకు రాని పనికి 76 ఏళ్ల వృద్ధుడు సముద్రం దాటి, ఆ సంవత్సరాంతానికి రాజమండ్రి చేరారు. ఇతరుల ఖర్చుతో హద్దులు గీసేవారికీ ఆయనకూ భేదం ఇక్కడే ఉంది. అక్కడ కూడా స్థానం పట్టుకొని కూర్చోలేదు. 1870లో రెవ. హెచ్. సి. ష్మిట్ రాగా, పనిని అప్పగించి 1871లో తిరిగి వెళ్లారు.

1873 నవంబరు 7న ఫిలడెల్ఫియాలో ఆయన ప్రభువునందు నిద్రించారు. గుంటూరు, రాజమండ్రి క్షేత్రాలు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఒక్కటయ్యాయి.