ఆవిరి నుంచి పేరుకునే గాజు పొరలు

స్ఫటికంలోలా అణువులు వరుస కట్టకుండా, ద్రవంలో ఉన్నంత అస్తవ్యస్తంగానే గట్టిపడిన పలచని పొరలివి. శూన్యపు గదిలో పదార్థాన్ని వేడిచేస్తే లేచిన ఆవిరి, ఎదురుగా ఉన్న ఫలకం మీద పడి పొరగా పేరుకుంటుంది. పదార్థం ఒకటే అయినా ఫలకం వేడిని, పొర పెరిగే వేగాన్ని బట్టి వేర్వేరు గాజులు తయారవుతాయి.

ఈ పరిశోధనలో ఎక్కువగా కనిపించే పదార్థాల్లో ఇండోమెథాసిన్ ఒకటి. ఇది కీళ్లనొప్పుల మందు. దీని గాజు పరివర్తన ఉష్ణోగ్రత, అంటే వేడెక్కిన గాజు మెత్తబడి ద్రవంగా మారే ఉష్ణోగ్రత, దాదాపు 315 కెల్విన్లు, అంటే 42 డిగ్రీల సెల్సియస్. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మార్క్ ఎడిగర్ బృందం 2007లో ప్రకటించిన ఫలితం ఈ రంగాన్ని మలుపు తిప్పింది. ఫలకాన్ని ఆ పరివర్తన ఉష్ణోగ్రతలో (కెల్విన్లలో) సుమారు 85 శాతం దగ్గర, అంటే సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే కొన్ని డిగ్రీలు దిగువన ఉంచి, సెకనుకు నానోమీటరులో కొద్ది వంతు చొప్పున నెమ్మదిగా పొర వేస్తే అసాధారణ స్థిరత్వం గల గాజు వచ్చింది. ద్రవాన్ని చల్లార్చి చేసిన మామూలు గాజు ఆ స్థితికి చేరాలంటే వేల ఏళ్లు నిలవ ఉండాలని అంచనా.

కారణం ఉపరితలంలో ఉంది. లోపల కూరుకుపోయిన అణువులకంటే పైనున్నవి ఎన్నో రెట్లు చురుగ్గా కదులుతాయి. కుంచాన్ని కుదుపుతూ గుప్పెడు గుప్పెడుగా ధాన్యం పోస్తే గింజలు బిగువుగా సర్దుకున్నట్టే, కొత్త అణువులు వచ్చి కప్పేలోగా పాతవి మంచి చోటు వెతుక్కుంటాయి. ఫలకం మరీ చల్లగా ఉంటే ఆ కదలిక ఉండదు. పరివర్తన ఉష్ణోగ్రతకు మరీ దగ్గరైతే పొర మామూలు గాజే అవుతుంది.

అణువులు ఏ దిశలో నిలుస్తాయన్నదీ ఫలకం వేడిని బట్టే ఉంటుంది. పొడవాటి అణువులు చల్లని ఫలకం మీద ఎక్కువగా పడుకునే ఉంటాయి. ఫోన్ తెరల్లోని ఓఎల్ఈడీ పొరల్లో ఇది కాంతి బయటికి వచ్చే తీరును మారుస్తుంది. పరివర్తన ఉష్ణోగ్రతలో 85 శాతం దగ్గర వేసిన పొరలతో ఓఎల్ఈడీ దీపాల సామర్థ్యం, ఆయుష్షు 15 శాతానికి పైగా పెరిగినట్టు 2018లో ఒక యూరోపియన్ బృందం చూపింది.

ఫలకం వేడి ప్రభావం ఇలాంటి సేంద్రియ పొరలకే పరిమితం కాదు. అకర్బన పొరల నిర్మాణాన్ని 1974లో జాన్ థార్న్‌టన్ వాయుపీడనం, ఉష్ణోగ్రతల ఆధారంగా మండలాలుగా విభజించాడు. పీడనం ఎక్కువై ఫలకం చల్లగా ఉంటే మధ్య ఖాళీలున్న స్తంభాల్లా పొర పెరుగుతుంది. ఆ ఖాళీల్లోకి తేమ చేరుతుంది.

హైదరాబాద్‌లోని ఉప్పల్ ప్రాంతానికి ఈ శాస్త్రం పరాయిది కాదు. ఉప్పల్ రోడ్డు మీదే తార్నాకలో 1944లో మొదలైన నేటి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉంది. నాచారం పారిశ్రామికవాడలో ఔషధ పరిశోధన సంస్థలున్నాయి. నీటిలో సరిగా కరగని మందును గాజు రూపంలోకి తెస్తే మెరుగ్గా కరుగుతుంది. కానీ ఆ రూపం నిలవడమే కష్టం: ఇక్కడి మే నెల ఎండ ఇండోమెథాసిన్ పరివర్తన ఉష్ణోగ్రతకు దగ్గరగా వస్తుంది, తేమ దాన్ని ఇంకా దించుతుంది. మాత్రల తయారీలో స్ప్రే డ్రయింగ్ వంటి పద్ధతులే వాడతారు. శూన్యంలో పొర వేయడం అంత సరుకుకు చాలదు. అయినా గాజు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు చెడుతుంది అన్నది ఈ పొరల్లోనే స్పష్టంగా కొలవగలం. పొర ఎలాంటి గాజవుతుందో తయారీ పరిస్థితులే తేలుస్తాయి కాబట్టి, ఫలకం ఉష్ణోగ్రత, పొర పెరిగే వేగం రాయకుండా పదార్థం పేరు, మందం మాత్రమే ఇచ్చిన నివేదిక అసంపూర్ణం.