కరువు పనిలో ఆగిన బాప్తిస్మాలు

గుంటూరుకూ గురజాలకూ నడుమ ఉన్నది మెట్టనేల. వాన తప్పితే ఈ సీమకు దిక్కు లేదు. 1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు ప్రాంతంలో లక్షన్నర నుంచి రెండు లక్షల ప్రాణాలు తీసింది. ఆ గాయం మానకముందే, 1842 జూలై 31న, జాన్ క్రిస్టియన్ ఫ్రెడెరిక్ హయర్ అనే లూథరన్ బోధకుడు గుంటూరు చేరాడు. కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆసరా ఇచ్చాడు.

హయర్ మధ్యలో అమెరికా వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదువుకున్నాడు. 1848లో తిరిగొచ్చి, మరుసటి ఏడు పల్నాటి గురజాలకు తరలిపోయాడు. అప్పట్లో అది జ్వరాల సీమ. అక్కడ బోధకుడికి మాట ఎంత అవసరమో మందు కూడా అంతే అవసరమైంది.

సరిగ్గా ఇక్కడే చిక్కు మొదలవుతుంది. తిరిగి పిలవలేని బీదల్నే విందుకు పిలవమన్నాడు యేసు, లూకా సువార్తలో. మరి మందు ఇచ్చిన చేయి, గంజి పోసిన చేయి రేపు గుడికి రమ్మంటే అది ఉపకారమా, బేరమా? కూటికోసం మతం మారారనే మాట పడ్డవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ పల్లెల జనమే. కాబట్టి ఈ ప్రశ్న వాళ్ల గౌరవానికి సంబంధించింది.

దీనికి గట్టి జవాబు ఒంగోలులో దొరికింది. 1876లో మొదలైన ధాత కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. చేయి చాచే పని లేకుండా కష్టానికి కూలి ముట్టింది. సంఘ బోధకులే మేస్త్రీలయ్యారు. పలుగూ పారా పక్కన పెట్టి సేదతీరే వేళ కూలీలు వాళ్ల మాటలు విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు కూడా.

క్లౌ ఇవ్వలేదు. దాదాపు పదిహేను నెలలపాటు బాప్తిస్మాలే ఆపేశాడు. తోటలో పండు చేతికందుతున్నా కోయకుండా నిలబడ్డం లాంటిది అది. మనుషుల్ని చేర్చుకోవడమే పనిగా వచ్చిన మిషనరీకి అంతకంటే కష్టమైన సంయమనం ఉండదు. సాయం ముగిశాకే తలుపు తీశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో కరువునాటి మేలు తలచుకున్నవాళ్లు ఉండరా? ఉంటారు. గుర్తుపెట్టుకోవడం పుచ్చుకున్నవాడి మంచితనం. గుర్తుచేసి అడగడం ఇచ్చినవాడి లోపం. క్లౌ ఆ తేడా ఎరిగిన మనిషి.

గుంటూరులో ఈ కథ ఆసుపత్రి రూపం తీసుకుంది. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చింది. చేతిలో వైద్య పట్టా ఉన్నా మిషన్ మొదట ఆమెను బోధన పనికే పంపింది. వైద్య మిషనరీగా గుర్తించింది 1885లో. 1898లో ఆసుపత్రి తెరుచుకుంది. పరదా దాటని ఆడవాళ్లకూ, పల్లెల నుంచి బళ్లమీద తెచ్చిన బాలింతలకూ ఆడ డాక్టరు దొరకడం ఎంత పెద్ద మాటో ఆ కాలపు ఇళ్లకే తెలుసు. తన కుటుంబానికి జరిగిన మేలుకు కృతజ్ఞతగా ఏలూరు జమీందారు ఆసుపత్రి ఎదుట, రోగుల వెంట వచ్చే బంధువుల కోసం సత్రం కట్టించాడు. కుగ్లర్ 1930లో గుంటూరులోనే కన్నుమూసింది. ఊరు ఇప్పటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తుంది.

ఇక్కడిదాకా మిషన్ తరఫున ఇచ్చినవాళ్లు దొరలూ దొరసానులూ. ఈ వరసను తిప్పినవాడు బిషప్ వి. ఎస్. అజరయ్య. తిరునల్వేలి సీమనుంచి 1909లో దోర్నకల్ వచ్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యాడు. పుచ్చుకోవడానికే అలవాటుపడిన సంఘం ఎదగదని ఆయన నమ్మకం. క్రైస్తవ దాతృత్వం మీద పుస్తకమే రాశాడు. ఆయన సంఘాల్లో పిడికెడు బియ్యం పద్ధతి వేళ్లూనుకుంది. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఇల్లాలు ముందుగా పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. నిండాక గుడికి తెస్తుంది.

ఆ ఇల్లాలు చాలాచోట్ల కూలికి గింజలు కొలిపించుకునే మనిషి. అమ్మమ్మ కాలంలో కరువు గంజికి వరసలో నిలబడ్డ ఇంటిది కావచ్చు. బియ్యం పోసేవాళ్లంతా పోశాక గుడి అరుగుమీద అది ఒకే రాశి. ఏ గింజ ఎవరిదో చెప్పే గుర్తు ఏదీ ఉండదు.