పార్శ్వనొప్పికి సెలవేదీ?

మైగ్రేన్ అన్న మాట మనకు కొత్తదే గాని, ఆ బాధ కొత్తది కాదు. సుశ్రుత సంహిత పేర్కొన్న పదకొండు శిరోరోగాలలో అర్ధావభేదకం ఒకటి. తలలో ఒక సగాన్ని చీల్చేది అని దాని అర్థం. ప్రొద్దుపొడుపుతో మొదలై, సూర్యుడు నడినెత్తికెక్కే వేళకు ముదిరి, ప్రొద్దు వాలేకొద్దీ తగ్గే సూర్యావర్తమూ ఆ జాబితాలోనిదే. తెలుగువారు పార్శ్వపు నొప్పి అన్నారు. దీని చికిత్స గురించి వైద్యులు చాలా వ్రాశారు. నా ప్రశ్న వేరు. ఈ నొప్పితోనే పనికి వెళ్ళవలసిన మనిషికి పనిచోటు ఏమిచ్చింది? గోదావరి డెల్టా చరిత్రలో దీనికి మూడు జవాబులు కనిపిస్తున్నాయి.

మొదటిది ధవళేశ్వరంలో ఉంది. 1847లో ఆనకట్ట పని మొదలైనప్పుడు దాదాపు పదివేలమంది కూలీలు, వారితోపాటు వందలాది వడ్రంగులు, కమ్మరులు అక్కడ చేరారు. మరుసటి యేడు, 1848లో, ఆర్థర్ కాటన్ ఆరోగ్యం చెడింది. పనిని కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆయన ఆస్ట్రేలియా వెళ్ళాడు. 1850లో తిరిగి వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాటన్‌ది పార్శ్వనొప్పి అని నేననడం లేదు. ఆ ఏర్పాటును గమనించమంటున్నాను. జబ్బుచేసిన మనిషికి సెలవు, అతని స్థానంలో మరొకరు, కోలుకున్నాక మళ్ళీ బాధ్యతలు. అంత పెద్ద పని కూడా దానివల్ల ఆగలేదు. అయితే ఇది దొరవారికి దక్కిన ఏర్పాటు. మండుటెండలో రాళ్ళు మోసిన కూలీకి కణతలు పగిలిపోతే తలగుడ్డ బిగించి కట్టుకోవడం తప్ప మరో దారి లేదు.

తర్వాత తలగుడ్డకు తోడుగా సీసా వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించారు. ఆ రాబడే 1908లో ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది. తెలుగు పత్రికారంగం తలనొప్పికి ఋణపడి ఉందంటే అతిశయోక్తి కాదు! కాని అంజనం సీసా రోగి తన డబ్బుతో కొనుక్కున్నది, యజమాని ఇచ్చింది కాదు.

రెండవ జవాబు 1948 నాటిది. ఆ సంవత్సరమే ఫ్యాక్టరీల చట్టమూ, ఉద్యోగుల రాజ్య బీమా చట్టమూ వచ్చాయి. రాజమహేంద్రవరం కాగితపు మిల్లు, 1947లో తణుకులో వెలసిన ఆంధ్రా షుగర్స్ వంటి చోట్ల పనిచేసేవారి జీవితాలను మార్చిన చట్టాలివి. ఫ్యాక్టరీల చట్టం 17వ సెక్షను తగినంత వెలుతురు ఉండాలన్నది. అంతటితో ఆగక, దీపం నుండి నేరుగా గాని, నున్నని తలాల మీద పడి గాని కళ్ళకు కొట్టే మిరుమిట్లను నివారించాలన్నది. గాలి, త్రాగునీరు, అయిదు గంటల పని దాటకుండా అరగంట విశ్రాంతి కూడా అందులో ఉన్నాయి. పార్శ్వనొప్పిని రేపేవాటిలో మిరుమిట్లు, వేడి, దాహం, ఆకలి ముఖ్యమైనవి. పేరెత్తకుండానే ఆ చట్టం ఈ రోగులకు మేలు చేసిందని నా అభిప్రాయం.

బీమా చట్టం దగ్గర కథ అడ్డం తిరిగింది. దాని 49వ సెక్షను ప్రకారం జబ్బుపడిన మొదటి రెండు రోజులకు భృతి లేదు. క్రిందటిసారి భృతి పొందిన జబ్బు తర్వాత పదిహేను రోజులలోపే మళ్ళీ పడితే తప్ప ఈ నియమానికి సడలింపు లేదు. పార్శ్వనొప్పి, మందు వేసుకోకపోతే, నాలుగు గంటల నుండి డెబ్బయిరెండు గంటల దాకా ఉంటుంది. అంటే చాలాసార్లు భృతి మొదలయ్యేలోపే నొప్పి తగ్గిపోతుంది! విడవని జ్వరాన్నీ, నెలల తరబడి సాగే క్షయనూ ఎదుట పెట్టుకొని వ్రాసిన సూత్రంలో వచ్చిపోయే రోగానికి చోటు లేకపోయింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దీర్ఘకాలిక నాడీరోగాలు అందులో ఉన్నాయి గాని, పార్శ్వనొప్పి పేరు లేదు.

మూడవ జవాబు నరసాపురంలో ఉంది. నిజానికి అది జవాబు కాదు, మౌనం. పంతొమ్మిదవ శతాబ్దిలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఆ ప్రాంతపు వేలాది స్త్రీల జీవనాధారమైంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ వారి మధ్య పరిశోధన చేసి, 1982లో నరసాపురం లేసు స్త్రీలపై పుస్తకం ప్రకటించారు. ప్రపంచ విపణికి సరుకు తయారుచేస్తున్నవారిని 'తీరిక వేళ అల్లుకునే గృహిణులు'గా జమకట్టడమే వారి శ్రమను చవక చేసిందని ఆవిడ వాదన. ఇల్లు ఫ్యాక్టరీ కాదు కనుక 17వ సెక్షను ఆ గుమ్మం దాటలేదు. సన్నని దారం మీద గంటల తరబడి చూపు నిలపాలి. ఇంటి చాకిరీ ముగిశాక మిగిలిన వెలుతురులోనే అల్లాలి. అల్లినంతకే కూలి. నొప్పి వచ్చిన పూట కూలి లేదు.

ఈ రోగం పురుషులకంటె స్త్రీలలో రెండుమూడు రెట్లు ఎక్కువని గుర్తుంచుకుంటే ఆ మౌనం బరువు తెలుస్తుంది. పొరుగున కర్ణాటకలో జరిగిన సర్వే ఫలితాలు 2015లో వెలువడ్డాయి. ఏడాదిలో పార్శ్వనొప్పికి గురైనవారు వయోజనులలో 25 శాతం. పట్నాలలోకంటె పల్లెలలోనే ఎక్కువ. ఇది మేడల్లో ఉండేవారి జబ్బు అన్న అపోహకు అంతకన్న సమాధానం అక్కరలేదు.

2008లో అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం ఇంటి దగ్గర పనిచేసేవారిని కార్మికులుగా నిర్వచించింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 నవంబరులో కొత్త కార్మిక స్మృతులు 1948 నాటి చట్టాల స్థానంలోకి వచ్చాయి. సరుకుకు పేరు వచ్చింది, అల్లిన చేతికి నిర్వచనం వచ్చింది. ఇక కావలసినవి పెద్ద ఖర్చు లేనివి. కార్యాలయాలలో ఒక చీకటి గది, మిరుమిట్లు లేని దీపం, నొప్పి తొలి సూచనలోనే మాత్ర వేసుకొని గంటసేపు పడుకునే వీలు, పూటల లెక్కన తీసుకోదగిన సెలవు. లేసు అల్లేవారికైతే గడువులో రెండు రోజుల వెసులుబాటు, ఆలస్యానికి కూలి కోయబోమన్న మాట. 1848లో ఒక ఇంజనీరుకు రెండేళ్ళ విశ్రాంతి ఇచ్చి కూడా గోదావరికి ఆనకట్ట కట్టగలిగారు. లేసు అల్లే మనిషికి రెండు రోజులిస్తే ఎగుమతి ఓడ మునిగిపోదు.