కొనువాని పేరు, అమ్మువాని చిట్టా

మదనపల్లెలో బస్సెక్కి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పము పోవు ప్రయాణికుని గమనింపుడు. కండక్టరు వచ్చి డబ్బు పుచ్చుకొని చీటి చింపి ఇచ్చును. ఎక్కడ దిగుదువని అడుగునే గాని నీ పేరేమని అడుగడు. త్రోవలో తనిఖీ అధికారి ఎక్కినను చూచునది చీటినే, మనిషిని కాదు. అదే ప్రయాణికుడు కుప్పము స్టేషనులో రైలెక్కి బెంగుళూరు పోదలచినచో సాధారణపు టిక్కెట్టుకు కూడ పేరు అక్కరలేదు. ముందుగా బెర్తు కావలెనన్నచో మాత్రము పేరు, వయస్సు వ్రాసి ఇవ్వవలెను. ఏలయన అక్కడ ఒక స్థలమును ఒక మనిషికొరకు కట్టి ఉంచుచున్నారు. పేరు అడుగుటకు కారణము కలదు.

ఇప్పుడు ఆ ప్రయాణికుని జేబులోని స్మార్ట్‌ఫోనును చూతము. వెల పెట్టి ఒక నిఘంటువు యాపును కొనవలెననుకొన్నాడు. డబ్బు ఇచ్చుటకు సిద్ధముగానే ఉన్నాడు. కాని అంగడి తలుపు డబ్బుతో తెరచుకొనదు. మొదట ఖాతా కావలెను. ఆ ఖాతాకు పేరు, పుట్టిన తేదీ, తరచుగా ఫోను నంబరు కూడ ఇవ్వవలసియుండును. అది మొదలు ఏ యాపు ఏ దినమున కొన్నదియు, ఏ ఫోనులో పెట్టుకొన్నదియు ఒకే చిట్టాకెక్కును. అదే ఖాతాతో పటములు చూచినచో తిరిగిన ఊళ్లును, వెదకిన మాటలును ఆ చిట్టాలోనే చేరగలవు. నిఘంటువు అమ్ముటకు ఇదంతయు అవసరమా? గడచిన నూటయేబది సంవత్సరముల చరిత్రను తిరుగవేసినచో దీనికి సమాధానము దొరకును.

మన దేశములో తపాలాశాఖ 1877లో వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినది. 1880లో మనియార్డరుల పని కూడ తపాలా కచేరీల చేతికి వచ్చినది. అప్పటినుండి దూరపు పట్టణములోని ప్రచురణకర్తకు ఒక కార్డు వ్రాసి పడవేసినచో పుస్తకము ఇంటి గడపకు వచ్చెడిది. తపాలావానికి పైకము చెల్లించి కట్ట విప్పుకొనెడివారు. ఇందులో చిరునామా చెప్పక తప్పదు, పుస్తకము చేరవలెను గదా. కాని ఆ పేరు చేసిన పని అంతటితో సరి. ఆ పుస్తకమును ఎప్పుడు తెరచితిమో, ఏ పుట దగ్గర మడత పెట్టితిమో, మరెవరికి ఎరువిచ్చితిమో ప్రచురణకర్తకు తెలియదు. తెలియవలెనని ఆయనయు కోరలేదు.

కంప్యూటరు ప్రోగ్రాముల అమ్మకము కూడ మొదట ఈ దారినే నడిచినది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పి.సి.-టాక్ అను ప్రోగ్రామును, జిమ్ నాఫ్ పి.సి.-ఫైల్ అను ప్రోగ్రామును వ్రాసి, ఫ్లాపీలపై ఎవరైనను నకలు తీసికొనవచ్చుననిరి. నచ్చినవారు పైకము పంపుడనిరి. మరుసటి ఏట బాబ్ వాలెస్ తన పి.సి.-రైట్‌తో ఇదే త్రోవ పట్టెను. క్రమముగా దీనికొక మార్పు వచ్చినది: పైకము పంపినవారికి రచయిత ఒక అంకెల వరుస పంపును, దానిని ప్రోగ్రాములో టైపు చేసినచో మూసియున్న భాగములు తెరచుకొనును. ఇదియే తాళపుచెవి సంఖ్య. బస్సు చీటివంటిదే. ఎవరి చేతిలో ఉన్నదో వారిదే హక్కు.

మన తెలుగువారి అనుభవము ఇంకను ముచ్చటగా ఉండును. 1990 ప్రాంతముల నుండి మన పట్టణములలోని అచ్చుకూటములలో సీసపు అక్షరములు పోయి కంప్యూటరు కూర్పు వచ్చినది. శ్రీలిపి వంటి తెలుగు అక్షర సాఫ్టువేరు కొన్నవారికి పెట్టెతోపాటు బొటనవ్రేలంత బిళ్ల ఒకటి ఇచ్చెడివారు. దానిని కంప్యూటరు వెనుక తగిలించిననే అక్షరములు కదలును, ఊడదీసినచో నిలిచిపోవును. పనివారు దానిని తాళమనియే వ్యవహరించిరి. ఆ తాళమునకు యజమాని పేరు తెలియదు. పెండ్లి పత్రిక కూర్చుచున్నారా, ఎన్నికల కరపత్రము కూర్చుచున్నారా అని అది ఎవరికిని కబురు పంపదు. బిళ్ల పోయినదా, మరల కొనుక్కొనవలసినదే. అది దాని లోపము. అయినను అమ్మకము, హక్కు, దొంగనకలు నివారణ, ఈ మూడును ఖాతా లేకుండనే జరిగినవి. దీనిని మరువరాదు.

ఇంతలో 2002లో కుప్పము పేరు ప్రపంచపు పత్రికలకెక్కినది. హ్యూలెట్-పకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వముతో కలిసి అక్కడ 'ఐ-కమ్యూనిటీ' అను మూడేండ్ల ప్రయోగము ప్రారంభించెను. పల్లెలలో సమాచార కేంద్రములు తెరచిరి. స్వయంసహాయక సంఘముల స్త్రీలు కొందరు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వానిని నడుపుటకు సూర్యరశ్మి పలక భుజమున వేసికొని గ్రామఫోటోగ్రాఫరులైరి. కూడియున్నచోటికి పోయి ఫోటో తీసి, అక్కడికక్కడే అచ్చువేసి చేతిలో పెట్టి డబ్బు పుచ్చుకొనెడివారు. ఆ యుగములో ఒక యంత్రము పదిమందిది. కేంద్రములో కూర్చున్న రైతుకు తనదైన ఖాతా లేదు, దాని అవసరమును లేదు. యంత్రము ఊరిదిగా ఉన్నంతకాలము అది ఒక్కొక్కని దినచర్య వ్రాయజాలదు. ఫోను ప్రతివాని జేబులోనికి వచ్చిన తరువాతనే ఆ పని సాధ్యమైనది.

ఆపిల్ కంపెనీ 2008 జూలై 10న యాపుల అంగడి తెరచెను. ఆ ఏడు అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడు అంగడి తెరచి, 2009లో వెలగల యాపులు కూడ అమ్మసాగెను. 2012లో దానికే 'ప్లే' అను పేరు వచ్చెను. వీటివలన కలిగిన మేలును కాదనరాదు. ఫోను పగిలినను కొన్న యాపు పోదు. క్రొత్త ఫోనులో ఖాతా పెట్టగానే తిరిగివచ్చును. దోషములు సవరించిన రూపము దానంతట అదే చేరును. పదమూడేండ్ల పిల్లవాడు కూడ ఫ్లాపీల బెడద లేకుండ యాపును పెట్టుకొనగలడు. కాని తాళపుచెవి స్థానములో ఖాతా వచ్చి కూర్చున్నది. 2010లో గూగుల్ యాపుల రచయితలకు ఒక లైసెన్సు పరీక్షాపద్ధతి నిచ్చినది. యాపు తెరవగానే ఫోనులోని ప్లే సేవను అడుగును; అది గూగుల్ కంప్యూటరును అడుగును; 'ఈ ఖాతావాడు కొన్నాడు' అని సంతకము చేసిన జవాబు తిరిగివచ్చును. ప్లే సేవ లేని ఫోనులో ఈ ప్రశ్నను మోయువాడే ఉండడు. అందుచేత పైకము నిజముగా చెల్లించినవాడు సైతము తలుపు బయటనే నిలువవలసివచ్చును.

అట్టి ఫోనులు ఏల ఉన్నవని అడుగవచ్చును. ఆండ్రాయిడు యొక్క మూలరచన చాలవరకు బహిరంగము. ఎవరైనను తీసికొని మార్చుకొనవచ్చును. 2009లో ప్రారంభమైన సయనోజెన్‌మాడ్, 2016లో దాని వారసత్వముగా వచ్చిన లీనియేజ్ ఓఎస్, 2014లో మొదలై 2019లో ఇప్పటి పేరు దాల్చిన గ్రాఫీన్ ఓఎస్ మున్నగునవి ఆ విధముగా పుట్టినవి. వీనిలో గూగుల్ సేవలు పుట్టుకతో ఉండవు. తమాషా ఏమనగా, గ్రాఫీన్ ఓఎస్ ముఖ్యముగా గూగుల్ అమ్ము పిక్సెల్ ఫోనులకొరకే తయారగుచు వచ్చినది. 2021 నుండి అందులో ప్లే సేవను, కావలెనన్నవారు, విశేషాధికారములు లేని మామూలు యాపువలె పెట్టుకొను వీలు కల్పించిరి. ఇంటి యజమానిగా ఉన్నవానిని అతిథిగా వరండాలో కూర్చుండబెట్టుట వంటిది. అయినను వెలగల యాపు కొనవలెనన్నచో ఆ అతిథి ఖాతా అడుగక మానడు.

ఖాతా లేనివారికి ఇతర మార్గములు లేకపోలేదు. 2010లో స్థాపితమైన ఎఫ్-డ్రాయిడ్ అను భాండాగారమునకు ఖాతాయే లేదు. అందులోనివన్నియు స్వేచ్ఛా సాఫ్టువేరులు. స్వేచ్ఛ, ఉచితము అను రెండు మాటలు మనకు వేరుగా ఉండుట అదృష్టము. ఇంగ్లీషులో ఒకే మాట ఉండుటచేత వారు నలుబదేండ్లుగా వివరించుకొనుచునే యున్నారు. హైదరాబాదులో 2005 నుండి పనిచేయుచున్న సంస్థ ఈ ఉద్యమమునకు 'స్వేచ్ఛ' అనియే పేరు పెట్టుకొన్నది. ఓస్‌మాండ్ అను పటముల యాపు, కాన్వర్సేషన్స్ అను సందేశముల యాపు ప్లేలో వెలకు దొరికినను, వాని రూపములే ఎఫ్-డ్రాయిడ్‌లో వెల లేకుండ దొరకును. రచయితకు ప్రతిఫలము ఈయదలచినవారు నేరుగా పంపవచ్చును. అరోరా స్టోరు అను మరొక యాపు ప్లేలోని వెలలేని యాపులను అనామకముగా తెచ్చిపెట్టును. వెలగలవానిని మాత్రము, ముందే కొన్నవారి ఖాతాతో తప్ప, తేజాలదు.

కొందరు అమ్మకదారులు పాత తాళపుచెవిని మరల చేతబట్టినారు. స్విట్జర్లాండులోని థ్రీమా అను సందేశసంస్థ తన సొంత అంగడిలో లైసెన్సు సంఖ్య అమ్మును. ఫోను నంబరు లేకయే దానిని వాడవచ్చును. స్వీడనులోని ముల్వాడ్ అను సంస్థ కొనువానికి పదునారు అంకెల సంఖ్య నిచ్చును, పేరు అడుగదు. కవరులో నోట్లు పెట్టి పంపినను స్వీకరించును. 1880 నాటి తపాలా కచేరీ గుమాస్తా చూచినచో ఆనందించియుండును.

మరి చెల్లించునప్పుడు బ్యాంకుకు పేరు తెలియదా? తెలియును. 2016లో మొదలైన యు.పి.ఐ. ద్వారా పైకము పంపినచో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చిరో బ్యాంకు పుస్తకములో ఉండును. ఈ చిక్కును విప్పినవాడు డేవిడ్ చామ్ అను అమెరికను గణితజ్ఞుడు. 1982లో ఆయన 'గుడ్డి సంతకము' అను ఉపాయమును ప్రతిపాదించెను. కార్బను కాగితము లోపల పెట్టిన కవరును ఊహింపుడు. లోపల మన చీటి ఉన్నది. బ్యాంకువాడు కవరుపై సంతకము చేయును. ఆ ముద్ర లోపలి చీటిపై పడును. కవరు చించిన పిమ్మట సంతకము మనకు దక్కును, చీటిపై ఏమున్నదో బ్యాంకుకు తెలియదు.

దీనిని తరగతిలో బోర్డుపైననే చేసి చూపవచ్చును. బ్యాంకు రెండు సంఖ్యలు బహిరంగముగా ప్రకటించును: 33, 3. తన రహస్య సంఖ్య 7 అని ఎవరికిని చెప్పదు. మన చీటి సంఖ్య 5. మనకు మాత్రమే తెలిసిన కవరు సంఖ్య 2. కవరు వేయుట ఇట్లు: 2 యొక్క ఘనము 8, 5ను 8తో గుణించినచో 40, దానిని 33తో భాగింప శేషము 7. ఈ 7ను మాత్రమే బ్యాంకుకు పంపుదుము. బ్యాంకు మన ఖాతానుండి పైకము తీసికొని, 7ను తన రహస్య ఘాతమునకు, అనగా ఏడవ ఘాతమునకు హెచ్చించును. అది 8,23,543, 33తో భాగింప శేషము 28. ఈ 28ని తిరిగి పంపును. మనము కవరు సంఖ్య 2తో భాగింప 14 వచ్చును. ఇదియే 5 అను చీటిపై బ్యాంకు సంతకము. అంగడివాడు పరీక్షించుటకు 14ను ఘనము చేయును: 2,744. 33తో భాగింప శేషము 5. సరిపోయినది! బ్యాంకు చూచినవి 7, 28. అంగడిలో చెల్లినవి 5, 14. రెంటికిని ముడివేయగలది మన వద్దనున్న 2 మాత్రమే. నిజమైన వాడుకలో ఈ సంఖ్యలు వందలకొలది అంకెల పొడవు ఉండును. చెల్లిన చీటిని రెండవసారి చెల్లింపకుండ చెల్లిన సంఖ్యల జాబితా ఒకటి ఉంచుకొందురు.

చామ్ 1989లో ఆమ్‌స్టర్‌డాములో డిజిక్యాష్ అను కంపెనీ పెట్టెను. 1995లో అమెరికాలోని మార్క్ ట్వేన్ బ్యాంకు దానిని ప్రయోగించి చూచెను. కాని వర్తకులు తగినంతమంది చేరలేదు, 1998లో కంపెనీ దివాలా తీసెను. దివాలా తీసినది వర్తకమే గాని గణితము కాదు. గ్నూ టాలర్ అను స్వేచ్ఛా సాఫ్టువేరు నేడు ఆ గణితముమీదనే నడచుచున్నది.

చట్టము కూడ ఈ దిక్కునకు నెమ్మదిగా కదలినది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2022 అక్టోబరులో భారత పోటీ సంఘము, ఆండ్రాయిడు విషయమున 1,337.76 కోట్ల రూపాయలు, ప్లే అంగడిలోని చెల్లింపుల విషయమున 936.44 కోట్ల రూపాయలు గూగుల్‌కు జరిమానా విధించెను. రెండవదానిని అప్పీలు న్యాయస్థానము 2025లో 216.69 కోట్లకు తగ్గించినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టములో ఒక ఉదాహరణ కలదు: వైద్యసలహా నిచ్చు యాపు రోగి ఫోనులోని పేర్ల జాబితాను కూడ అడిగి, రోగి సరేనన్నను, వైద్యమునకు ఆ జాబితా అవసరము కాదు గనుక ఆ సమ్మతి దానికి వర్తింపదు. ఆ చట్టపు నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. ముఖ్యమైన బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు ఇచ్చిరి.

అదే 2025 ఆగస్టులో గూగుల్ మరొక ప్రకటన చేసినది. ప్లే వెలుపల యాపులు పంచు రచయితలు కూడ తమ పేరు, గుర్తింపు నమోదు చేసికొనవలెననియు, లేనిచో ధ్రువీకృతమైన ఆండ్రాయిడు ఫోనులు ఆ యాపులను పెట్టుకొననీయవనియు, 2026 సెప్టెంబరులో నాలుగు దేశములతో దీనిని మొదలుపెట్టుదుమనియు తెలిపినది. ఎఫ్-డ్రాయిడ్‌వారు గట్టిగా ఎదిరించిరి. నవంబరులో, అనుభవజ్ఞులకొరకు వేరొక మార్గము ఉంచెదమని గూగుల్ చెప్పినది. ఇంతకాలము చిట్టాలో అడిగినది కొనువాని పేరు. ఇప్పుడు వ్రాయువాని పేరును అడుగుచున్నారు.