ముకుతాడు వేసిన ప్రతిసారీ పెరిగిన జీతం

అమెరికాలో సీఈఓల జీతాలకు ముకుతాడు వేద్దామని ప్రభుత్వం పూనుకున్న ప్రతిసారీ అవి పెరిగాయే తప్ప తగ్గలేదు. గత నలభై ఏళ్ల చరిత్రను ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే. దీన్నంతా దురాశ కథగా చెప్పేయడం తేలిక. కానీ దురాశ 1960లోనూ ఉంది. అప్పుడు లేనిదేదో తర్వాత వచ్చి చేరింది. అదేమిటన్నదే చూడాలి.

1960లో అమెరికన్ మోటార్స్ అధిపతి జార్జ్ రామ్నీ తనకు రావాల్సిన లక్ష డాలర్ల బోనస్ వద్దన్నాడు. తర్వాత మిషిగన్ గవర్నరైన రామ్నీ ఈయనే. ఆయన మంచితనాన్ని తక్కువ చేయనక్కర్లేదు గానీ, ఆ కాలం కూడా అలాంటి మంచితనానికి అనువుగా ఉండేది. అతి పెద్ద ఆదాయాల పై అంచె మీద పన్ను 91 శాతం. కిందామీదా పడి జీతం పెంచుకున్నా సింహభాగం ఖజానాకే పోయేది. 1950ల మధ్యలో ఉద్యోగుల్లో దాదాపు మూడో వంతు మంది యూనియన్లలో ఉన్నారు. ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 1965లో పెద్ద కంపెనీల సీఈఓ ఆదాయం మామూలు ఉద్యోగి ఆదాయానికి ఇరవై రెట్లకు కాస్త అటూఇటూ.

గాలి మళ్లింది 1970లలో. కంపెనీకి ఉన్న బాధ్యత చట్టానికి లోబడి లాభాలు పెంచుకోవడమేనని 1970 సెప్టెంబరులో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వాదించాడు. 1976లో మైకేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ దానికి సిద్ధాంత రూపం ఇచ్చారు: మేనేజర్లు ఖర్చుపెట్టేది తమ సొమ్ము కాదు, వాటాదారులది. కాబట్టి మేనేజర్ల ప్రయోజనాన్ని వాటాదారుల ప్రయోజనంతో ముడిపెట్టాలి. ఇప్పుడు చాలామంది మరచిపోయిన సంగతి, ఈ సిద్ధాంతం పుట్టింది సీఈఓలను నెత్తిన పెట్టుకోవడానికి కాదు, వాళ్లను అనుమానించడానికి.

1981లో రెండు జరిగాయి. సమ్మె చేసిన 11 వేల మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను అధ్యక్షుడు రేగన్ ఒక్క దెబ్బతో ఇంటికి పంపాడు. యూనియన్లంటే యాజమాన్యాలకున్న బెరుకు ఆ రోజుతోనే పోయిందంటారు. అదే ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ పగ్గాలు జాక్ వెల్ష్ చేతికొచ్చాయి. ఐదేళ్లలో 4.11 లక్షల సిబ్బంది 2.99 లక్షలయ్యారు. భవనాలను వదిలేసి మనుషులను మాత్రమే తుడిచిపెట్టే బాంబు పేరు మీద ఆయన్ను ‘న్యూట్రాన్ జాక్’ అన్నారు. నష్టాలొచ్చినప్పుడు మనుషులను తీసేయడం అంతకు ముందూ ఉంది. లాభాల్లో ఉన్న కంపెనీ కూడా తీసేయడాన్ని మామూలు సంగతి చేసింది వెల్షే. 2001లో ఆయన దిగిపోయేటప్పుడు దక్కిన మూట విలువ దాదాపు 41.7 కోట్ల డాలర్లు. ఈలోగా 1982లో కంపెనీలు తమ షేర్లను తామే మార్కెట్లో కొనుక్కోవడానికి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ దారి సుగమం చేసింది. పై అంచె పన్ను 70 నుంచి 50కి, 1988కల్లా 28 శాతానికి దిగింది.

మొదటి ముకుతాడు 1984 నాటిది. అంతకు రెండేళ్ల ముందు బెండిక్స్ కంపెనీ చేతులు మారినప్పుడు దాని అధిపతి విలియం ఏగీకి సుమారు 40 లక్షల డాలర్ల ‘గోల్డెన్ పారాచూట్’ అందింది. జనం మండిపడ్డారు. అలా దిగిపోయేవారికిచ్చే సొమ్ము వార్షిక ఆదాయ సగటుకు మూడు రెట్లు చేరితే 20 శాతం అదనపు పన్నని కాంగ్రెస్ చట్టం చేసింది. అప్పటిదాకా పారాచూట్ ఊసే లేని కంపెనీలు కూడా, మూడు రెట్లలోపైతే ప్రభుత్వమే సరేనన్నట్టు కదా అని, దాన్ని అందరికీ రాసిచ్చేశాయి. కొన్నయితే ఆ అదనపు పన్ను కూడా తామే కడతామన్నాయి.

రెండోది ఇంకా ఘనమైనది. 1992 ఎన్నికల్లో బిల్ క్లింటన్ సీఈఓల జీతాలను ప్రచారాంశం చేశాడు. గెలిచాక, 1993లో కొత్త నిబంధన వచ్చింది: 10 లక్షల డాలర్లు దాటిన జీతాన్ని ఖర్చు కింద చూపించి పన్ను తగ్గించుకోవడం కుదరదు. 2017 దాకా ఒక్క మినహాయింపు ఉండేది, పనితీరును బట్టి ఇచ్చేదైతే పర్వాలేదని. స్టాక్ ఆప్షన్ ‘పనితీరు’ కింద జమయ్యేది. పది లక్షలు గరిష్ఠం కావాల్సింది పోయి కనిష్ఠమైంది. అంతకు తక్కువున్నవాళ్లకు అక్కడిదాకా పెంచారు, మిగతాదంతా ఆప్షన్లలో కుమ్మరించారు.

ఆప్షన్ ఎలా పనిచేస్తుందో చూస్తే లేఆఫ్‌లకూ దీనికీ ఉన్న లింకు తెలుస్తుంది. ఇవాళ షేరు 40 డాలర్లనుకోండి. ఇంకో ఐదేళ్లకైనా అదే 40కి కొనుక్కునే హక్కు పది లక్షల షేర్ల మీద సీఈఓకి ఇస్తారు. షేరు 70కి చేరితే 3 కోట్ల డాలర్లు జేబులోకి. 20కి పడితే? ఆయన పోగొట్టుకునేది సున్నా. పైగా 2000ల మధ్యదాకా వీటిని లెక్కల పుస్తకాల్లో ఖర్చుగా చూపక్కర్లేదు. మంచి సరుకు తయారుచేస్తే షేరు పెరగడానికి ఏళ్లు పట్టొచ్చు. ఖర్చు కోసేస్తే మూడు నెలల ఫలితాల్లోనే కనిపిస్తుంది. అన్ని ఖర్చుల్లో తేలిగ్గా కోతపడేది మనిషే.

దీని పరాకాష్ఠ ఆల్ డన్‌లప్. ‘చైన్‌సా ఆల్’ అంటే రంపం ఆల్. స్కాట్ పేపర్‌లో 11 వేల ఉద్యోగాలు కోసి, 1995లో కంపెనీని కింబర్లీ-క్లార్క్‌కు అమ్మి, రెండేళ్లు తిరక్కుండానే దాదాపు 10 కోట్ల డాలర్లు సంపాదించాడు. 1996 జులైలో మిక్సీలు, బార్బెక్యూ గ్రిల్లులు చేసే సన్‌బీమ్‌కు వస్తున్నాడన్న వార్తకే ఆ షేరు ఒక్క రోజులో దాదాపు సగం పెరిగింది. అప్పటికింకా ఆయన కుర్చీలో కూర్చోనే లేదు. 12 వేల మందిలో సగానికి ఉద్వాసన ప్రకటించాడు. కోయడానికి ఇంకేం మిగలకపోయేసరికి అమ్మకాలను వండి వార్చడం మొదలైంది. ఎండాకాలంలో అమ్ముడయ్యే గ్రిల్లులకు చలికాలంలోనే దుకాణాల పేర బిల్లులు వేసి, సరుకును బయటి గోదాముల్లో పెట్టించారు. 1998 జూన్‌లో బోర్డు డన్‌లప్‌నే తీసేసింది. 2001లో సన్‌బీమ్ దివాలా తీసింది. మోసం అభియోగాల మీద ఎస్ఈసీతో రాజీకొచ్చి, ఆయన 5 లక్షల డాలర్లు కట్టాడు. లిస్టెడ్ కంపెనీల్లో ఇక ఏ పదవీ చేపట్టకుండా నిషేధానికి ఒప్పుకున్నాడు. పది కోట్లలో ఐదు లక్షలు ఎంతో లెక్కేసుకోవచ్చు.

1996 జనవరిలో ఏటీ అండ్ టీ 40 వేల ఉద్యోగాలు తీసేస్తానంది. ఫిబ్రవరిలో న్యూస్‌వీక్ ‘కార్పొరేట్ కిల్లర్స్’ అంటూ కొందరు సీఈఓల మొహాలు ముఖచిత్రంగా వేసింది. కొన్నాళ్లు గగ్గోలు. తర్వాత డాట్‌కామ్ బూమ్ వచ్చింది, అందరూ మరచిపోయారు.

మనుషులను తీసేస్తే సీఈఓకి జీతం పెరుగుతుందా? లేఆఫ్‌లు చేసిన కంపెనీల సీఈఓలు ఎక్కువ తీసుకుంటున్న మాట నిజమేనని ఆర్థికవేత్త కెవిన్ హాలక్ 1998లో తేల్చాడు. కంపెనీ సైజు వంటివి లెక్కలోకి తీసుకుంటే మాత్రం ఆ తేడా మాయమైంది. పెద్ద కంపెనీలే పెద్ద జీతాలిస్తాయి, పెద్ద లేఆఫ్‌లూ చేస్తాయి. 1980 నుంచి 2003 వరకు సీఈఓ జీతాలు ఆరు రెట్లు పెరిగితే, పెద్ద కంపెనీల మార్కెట్ విలువ కూడా ఆరు రెట్లే పెరిగిందని ఆర్థికవేత్తలు గబే, లాండియే 2008లో వాదించారు. వీటిని కొట్టిపారేయలేం. అయితే మనిషిని తీసేసినందుకు ఆ రోజే బహుమతి ఇవ్వక్కర్లేదు. షేరు పెరిగేలా చేసే ఏ పనికైనా బహుమతి ఉండి, పొరపడితే శిక్ష లేకపోతే చాలు. న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు బెబ్‌చుక్, ఫ్రీడ్ 2004లో మరో వైపు నుంచి చూపించారు: జీతం నిర్ణయించే బోర్డు సభ్యులు చాలాసార్లు సీఈఓ మెచ్చినవాళ్లే. కంచే చేను మేస్తే అడిగేదెవరు?

2008 ఆర్థిక సంక్షోభం, ప్రభుత్వ సొమ్ముతో గట్టెక్కిన బీమా సంస్థ ఏఐజీ బోనస్‌లు, 2011 ఆక్యుపై ఉద్యమం, అసమానతల మీద 2014లో ఇంగ్లిషులోకొచ్చిన పికెటీ పుస్తకం అందరూ ఎరిగినవే. వాటిలో చట్టంగా మిగిలింది 2010 నాటి డాడ్-ఫ్రాంక్. వాటాదారులు జీతం మీద ఓటేయాలి, కానీ ఆ ఓటుకు బోర్డు కట్టుబడక్కర్లేదు. సీఈఓకీ మధ్యస్థ ఉద్యోగికీ ఉన్న నిష్పత్తి బయటపెట్టాలి. ఆ నిబంధన రాయడానికే ఐదేళ్లు పట్టింది, అంకెలు 2018లోగానీ రాలేదు. ఏటా ఓ రోజు పత్రికల్లో వస్తాయి, అంతే.

2020 జనవరి 10న ఒకేరోజు రెండు వార్తలు. బోయింగ్ 737 మ్యాక్స్ తయారీ ఆగిపోవడంతో, ఆ విమాన భాగాలు చేసే స్పిరిట్ ఏరోసిస్టమ్స్ విచిటాలో 2,800 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. రెండు కూలిన విమానాల తర్వాత పదవి పోయిన బోయింగ్ సీఈఓ డెనిస్ ముయిలెన్‌బర్గ్‌కు 6.2 కోట్ల డాలర్లు దక్కుతున్నట్టు వెల్లడైంది.

ఈ కథ తెలుగు ఇళ్లలోకి గట్టిగా వచ్చింది 2022 చివర్లో, 2023 మొదట్లో. మెటా 11 వేలు, గూగుల్ 12 వేలు, మైక్రోసాఫ్ట్ 10 వేలు అంటూ వరసపెట్టి ప్రకటించాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు 2017 నిబంధన ప్రకారం మరో ఉద్యోగానికి దొరికే వ్యవధి మహా అయితే 60 రోజులు. అందుకే లేఆఫ్ మెయిల్ రాగానే మనవాళ్లు మొదట అడిగేది పరిహారం ఎంతని కాదు, పేరోల్‌లో ఆఖరి రోజు ఏదని. గడియారం తిరగడం మొదలయ్యేది మామూలుగా అక్కడి నుంచే. పిల్లల బడి, ఇంటి లోన్ అన్నీ ఆ తేదీకి వేలాడతాయి.

మైక్రోసాఫ్ట్ అధిపతి మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. భద్రతా లోపాల దృష్ట్యా 2024లో తన నగదు బోనస్ తగ్గించమని ఆయనే అడిగాడు, తగ్గించారు. అయినా ఆ ఏడాది మొత్తం ఆదాయం 63 శాతం పెరిగి 7.91 కోట్ల డాలర్లయింది, ఎందుకంటే అందులో సింహభాగం షేర్లే. మరుసటి ఏడాది 9.65 కోట్లు. అదే 2025లో సంస్థ మే, జులై నెలల్లో దాదాపు 15 వేల మందిని తీసేసింది. ఇక్కడ డన్‌లప్ లాంటి విలన్ ఎవరూ లేరు. వినయంగా బోనస్ తగ్గించుకున్న మనిషికి కూడా ఈ యంత్రం అంతే ఇస్తుంది.

ఇండియాలో 2013 కంపెనీల చట్టం కూడా ఈ నిష్పత్తిని ప్రకటించమంటుంది. ఇన్ఫోసిస్‌లో సీఓఓ జీతం పెంపును 2017లో సంస్థ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి బాహాటంగా తప్పుబట్టడం మనదగ్గర అరుదైన సందర్భం.

2025 నవంబరులో టెస్లా వాటాదారులు ఇలాన్ మస్క్‌కు, లక్ష్యాలన్నీ చేరితే లక్ష కోట్ల డాలర్లు పలికే ప్యాకేజీకి 75 శాతానికి పైగా ఓట్లతో సరేనన్నారు. నార్వే సార్వభౌమ నిధి, కాలిఫోర్నియా ప్రభుత్వోద్యోగుల పెన్షన్ నిధి వద్దని ఓటేశాయి. టెస్లా షేర్లున్న పెద్ద ఇండెక్స్ ఫండ్లలో ఉద్యోగుల 401(కె) పదవీ విరమణ పొదుపు కూడా ఉంది. ఆ డబ్బు పేరున పడే ఓటు ఎటు పడాలో నిర్ణయించేది మాత్రం చాలావరకు ఫండ్ మేనేజర్లే.