ఎన్ని మిల్లీమీటర్లయితే ఒక పదును?

పదును అనగానే మనలో చాలామందికి కత్తి గుర్తొస్తుంది. లేదా ఎవరో రాసిన ‘పదునైన’ విమర్శ. వినుకొండ, దర్శి మెట్టపొలాల్లో జూన్ నెలలో ఇదే మాట వింటే కత్తి ఊసే ఉండదు. “పదునైందా?” అంటే విత్తనం వేసేంత వాన పడిందా అని. దుమ్ము అణిచిపోయే జల్లు అందులో లెక్కకు రాదు.

ఒకే మాటలో కత్తీ తడీ ఎలా కలిశాయి? పక్కభాషలు చూస్తే ముడి విడుతుంది. తమిళంలో పదం అంటే వంట సరిగ్గా కుదిరిన పాకం. కన్నడంలో అది హద: మన పాలు వాళ్ళకు హాలు అయినట్టే. అక్కడా అర్థం, ఉండాల్సిన తీరులో ఉండటం. (వ్యాకరణంలోని సంస్కృత ‘పదం’తో దీనికి చుట్టరికం లేదు.) కమ్మరి ఇనుమును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచేది ఆ తీరు కోసమే. ఎక్కువైతే పెళుసు, తక్కువైతే వంగిపోతుంది. వాడి అనే అర్థం అక్కణ్ణించే వచ్చిందని నాకనిపిస్తుంది. నేల సంగతీ అంతే. గుప్పెడు మట్టి పిసికితే ముద్ద కావాలి, వేలితో నొక్కితే పొడిగా విడిపోవాలి. జిగురుగా చేతికి అంటుకుంటే ఇంకా ఆగాలి, ముద్ద కాకపోతే ఆలస్యమైపోయిందన్నమాట.

అందుకే పెద్దవాళ్ళు ‘అదనూ పదునూ’ అని జంటగా అంటారు. అదను కాలానిది, పదును నేలది. రెండూ కలవకపోతే ఏమవుతుందో గుంటూరు సీమ 1832-33లో చూసింది. నందన నామ సంవత్సరంలో వచ్చింది కాబట్టి దాన్ని నందన కరువన్నారు. ఎముకల గూళ్ళయిన మనుషుల్ని చూసి డొక్కల కరువనీ అన్నారు.

1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలాక ఆయకట్టులో ఇంకో మాట పెరిగింది: తడి. “మిరపకి మూడో తడి పెట్టాం” అంటారు. తడి మనం పెట్టేది, పదును పడేది. కాలవ అందని పత్తిచేలల్లో మాత్రం ఇప్పటికీ పాత మాటే నడుస్తోంది.

ఇప్పుడు వానను మిల్లీమీటర్లలో చెబుతున్నారు. వాతావరణ శాఖ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్లు పడితే అది వాన కురిసిన రోజే. వాతావరణ ఆధారిత పంటల బీమా చూసేదీ వర్షమాపకం అంకెనే. కానీ ఎర్రనేలకి పదునయ్యే వాన నల్లరేగడికి గొంతు తడపదు. రేగడి బాగా తాగాలి, తాగాక చాలా రోజులు దాచుకుంటుంది. ఒక్క గంటలో దంచికొట్టిన వాన వాగులో పోతుంది, అదే వాన రాత్రంతా ముసురు పట్టి కురిస్తే పొద్దున్నే గొర్రు కట్టొచ్చు. మాపకంలో రెండింటికీ ఒకటే అంకె. చేలో ఒకదానికి మొలక, ఇంకోదానికి మళ్ళీ విత్తనం ఖర్చు. ఆ ఖర్చు గురించి అడిగితే, మీ మండలంలో వాన పడిందిగా అని కాగితం చూపిస్తారు. పదును పడలేదని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.