ఊరంతటికీ ఒకే ఇన్వర్టర్

మా ఇంట్లో మెట్ల కింద ఓ ఇన్వర్టర్ ఉండేది. కరెంటు పోతే రెండు ఫ్యాన్లు, మూడు ట్యూబ్‌లైట్లు నడిచేవి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం నా డ్యూటీ. సరిగ్గా అలాంటి లెడ్ యాసిడ్ బ్యాటరీలనే ఒక మహానగరం గ్రిడ్డుకి తగిలించారని తెలిసినప్పుడు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆ కథ తెలిసి నోరు మూసుకున్నాను.

ఆ నగరం పశ్చిమ బెర్లిన్. 1948-49 దిగ్బంధం రోజుల్లో పవర్ స్టేషన్ సామాన్లు కూడా విమానాల్లో మోసుకొచ్చుకున్న ఊరది. 1952లో తూర్పు వైపు నుంచి వచ్చే కరెంటు కూడా ఆగిపోయింది. అప్పట్నించీ నాలుగు దశాబ్దాల పాటు, కరెంటు విషయంలో ఆ ఊరు ఒక ద్వీపం.

ద్వీపమైతే ఏమవుతుంది? కరెంటు తయారీ, వాడకం ప్రతి క్షణం సరిపోవాలి. తేడా వస్తే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారిపోతుంది. పెద్ద గ్రిడ్డులో ఒక జనరేటర్ ట్రిప్పయితే మిగతావన్నీ తలా కాస్త బరువు మోస్తాయి. ద్వీపంలో చెయ్యి వేసే పక్కింటివాళ్ళు ఉండరు. బొగ్గు బాయిలర్‌కేమో ఉన్నపళంగా ఆవిరి పెంచు అంటే కుదరదు.

అందుకని 1986లో అక్కడి బేవాగ్ అనే కరెంటు కంపెనీ స్టెగ్లిట్జ్ ప్రాంతంలో ఓ బ్యాటరీ భవనం కట్టింది. మొత్తం 7,080 సెల్స్. సామర్థ్యం 17 మెగావాట్లు, నిల్వ దాదాపు 14 వేల యూనిట్లు. అంటే పూర్తి జోరు మీద గంటసేపు కూడా రాదు! ఊరి వాడకంతో పోలిస్తే ఇదో మూలకి రాదు. కానీ దాని పని ఊరికి కరెంటివ్వడం కాదు, మిగతా యంత్రాలు సర్దుకునే దాకా నిమిషాలు కొనిపెట్టడం. మామూలు రోజుల్లో ఫ్రీక్వెన్సీ తగ్గితే కాస్త ఇచ్చేది, పెరిగితే కాస్త తీసుకునేది.

గోడ కూలింది. 1994 చివర్లో ఆ ఊరిని పశ్చిమ యూరప్ గ్రిడ్డుకి కలిపారు. బ్యాటరీకి అసలు పని లేకుండా పోయింది. ఆ భవనంలో ఇప్పుడు కరెంటు మ్యూజియం ఉంది.

అంటే తీగే అన్నిటికన్నా మంచి బ్యాటరీ అన్నమాట. కానీ దానికీ రెండు వైపులున్నాయండోయ్. 2012 జులై 30న ఉత్తర గ్రిడ్, 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలితే మనకి ఏమీ కాలేదు. అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో డీసీ లింకుల ద్వారానే కలిసుండేది, దాని ఫ్రీక్వెన్సీ దానిది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో మనమూ ఒకే ఫ్రీక్వెన్సీలో చేరాం.

నన్ను తొలిచేది వేరే సంగతి. మన ఊళ్ళలో కూడా టన్నుల కొద్దీ ఇవే బ్యాటరీలు కొన్నాం. కానీ ఎవరి మెట్ల కింద వాళ్ళం పెట్టుకున్నాం. కొనలేనివాడు విసనకర్ర పట్టుకున్నాడు. బెర్లిన్ వాళ్ళు అదే వస్తువుని గ్రిడ్డుకి తగిలించారు కాబట్టి అది అందరికీ పనికొచ్చింది.

సోలారూ గాలిమరలూ పెరిగి, తిరిగే బరువైన టర్బైన్ల వాటా తగ్గుతున్నకొద్దీ ఆ నిమిషాల అవసరం మళ్ళీ వస్తోంది. ఈసారి బ్యాటరీ లిథియంది. అది సబ్‌స్టేషన్‌లో ఉంటుందా, మళ్ళీ ఎవరింట్లో వాళ్ళకేనా అన్నదే అసలు ప్రశ్న. మీరేమంటారు?